టీఎంటీ మైల్డ్‌లీ పాజిటివ్ అన్నారు, సీటీ యాంజియో చేయించుకోవాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మీకు 43 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన నెల మీ బావగారికి 47 ఏళ్లకే హార్ట్ ఎటాక్ వచ్చి రెండు స్టెంట్లు వేశారు, ఆ భయంతో మీరు హార్ట్ చెకప్ ప్యాకేజీ చేయించుకుంటే ఎకోలో (గుండెని అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష) గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని రాశారు, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) మైల్డ్‌లీ పాజిటివ్, అంటే కొంచెం తేడాగా ఉంది అన్నారు, రేపే సీటీ యాంజియో (డై ఎక్కించి గుండె రక్తనాళాలు చూసే సీటీ స్కాన్) చేయించేయండి అంటున్నారు. ఛాతీ నెప్పి లేదు, ఆయాసం లేదు, ఆఫీసులో నాలుగో ఫ్లోర్‌కి మెట్లెక్కే వెళ్తారు. అమ్మగారికి కాటరాక్ట్ ఆపరేషన్ ముందు ఎకో అడిగారని, నాన్నగారికి మూడేళ్ల కింద 64వ ఏట స్టెంట్ వేశారు కాబట్టి ఏటా టీఎంటీ చేయించాలా అని కూడా అడిగారు.

నేను గుంటూరు వైపు 26 ఏళ్లుగా కార్డియాలజీలో ఉన్నాను. మిమ్మల్ని చూడకుండా మీకు వైద్యం చెప్పలేను కానీ, రేపు ఆ స్కాన్‌కి వెళ్లే ముందు మీ డాక్టర్ గారిని ఏం అడగాలో మాత్రం చెప్పగలను. నా ఉద్దేశం ముందే చెప్పేస్తున్నా, రేపే పరిగెత్తాల్సిన పని నాకు కనిపించట్లేదు. ఎందుకో వివరంగా రాస్తా, కాస్త పెద్దదవుతుంది.

ముందు బావగారి సంగతి. మీరు ఫ్యామిలీ హిస్టరీ ఉంది అని రాశారు. బావగారంటే అక్క మొగుడేగా? ఆయన గుండెజబ్బు మీ రక్తంలోకి రాదు కదండీ. మన ఇళ్లల్లో మేనరికాలు ఎక్కువ కాబట్టి బావ అంటే మేనమామ కొడుకో మేనత్త కొడుకో కూడా అవుతాడు, అప్పుడు కొంత రక్తసంబంధం ఉంటుంది, అయినా మేము లెక్కలోకి తీసుకునే ఫ్యామిలీ హిస్టరీ చాలా ఖచ్చితమైన మాట: నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు వచ్చి ఉండాలి. నాన్నగారికి 64లో వచ్చింది కాబట్టి ఆ లెక్కలో అదీ రాదు. దగ్గరివాళ్లకి వస్తే భయం వేయడం సహజమే, నేను తప్పు పట్టట్లేదు, కానీ ఆ భయం వల్ల మీ రిస్కు పెరగలేదు.

ఇప్పుడు అసలు విషయం. టీఎంటీ పాజిటివ్ అంటే అర్థం ఏంటనేది ఆ మెషీన్ మీద కన్నా దాని మీద ఎక్కిన మనిషి మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఇది పేషెంట్లకి చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే, అందుకే కాగితం మీద లెక్కేసి చూపిస్తా. గుండె రక్తనాళాల్లో బ్లాకులు నిజంగా ఉన్న 100 మందిని నడిపిస్తే టీఎంటీ సుమారు 68 మందిని పట్టుకుంటుంది. బ్లాకులు లేని 100 మందిని నడిపిస్తే సుమారు 77 మందికి నార్మల్ అంటుంది, మిగతా 23 మందికి ఉత్తినే పాజిటివ్ చూపిస్తుంది. పాత స్టడీలన్నీ కలిపితే వచ్చిన అంకెలు ఇవి. ఇప్పుడు మీలాంటివాళ్లు, అంటే ఏ నెప్పీ లేని నలభై ఏళ్లవాళ్లు 100 మంది వచ్చారనుకోండి, వాళ్లలో ఐదుగురికి బ్లాకులు ఉన్నాయనే అనుకుందాం. టీఎంటీ ఆ ఐదుగురిలో ముగ్గుర్ని పట్టుకుంటుంది, మిగతా 95 మందిలో 22 మందికి ఉత్తి పాజిటివ్ ఇస్తుంది. మొత్తం పాజిటివ్ వచ్చినవాళ్లు 25 మంది, అందులో నిజంగా జబ్బున్నవాళ్లు ముగ్గురు. అదే మెషీన్ మీద, నడిస్తే ఛాతీ పట్టేసి ఆగితే తగ్గిపోతోంది అని వచ్చిన అరవై ఏళ్ల మగవాళ్లు 100 మందిని ఎక్కించండి, వాళ్లలో 70 మందికి బ్లాకులు ఉన్నాయనుకుంటే 48 మంది నిజంగా పాజిటివ్, ఏడుగురు మాత్రమే ఉత్తి పాజిటివ్. అదే టెస్టు, అదే కాగితం, అదే పాజిటివ్ అనే మాట, కానీ మొదటి గుంపులో ఎనిమిది మందిలో ఒక్కడికి నిజం, రెండో గుంపులో దాదాపు అందరికీ నిజం. ఇంకోటి కూడా గమనించండి, ఆ రెండో గుంపులో జబ్బుండి కూడా నార్మల్ వచ్చినవాళ్లు 22 మంది ఉన్నారు, అంటే కథ బలంగా ఉన్నప్పుడు టీఎంటీ నార్మల్ వచ్చిందని ఇంటికి పంపేయడం కూడా అంతే ప్రమాదం.

అందుకే ఏ టెస్టు ఎవరికి తగినది అని అమెరికాలో కార్డియాలజీ కాలేజీ అనే గుండె డాక్టర్ల సంఘంవాళ్లు 2005 నుంచి ఒక్కో పరిస్థితికీ 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తూ వచ్చారు. 7 నుంచి 9 వస్తే తగినది, 4 నుంచి 6 అయితే ఆలోచించి చేయొచ్చు, 3 లోపు అయితే అరుదుగా తప్ప అక్కర్లేదు. ఆ మూడో దానికి మొదట్లో తగనిది అనే పేరే ఉండేది, 2013లో అరుదుగా తగినది అని మార్చారు, ఎందుకంటే అలాంటివాళ్లలో కూడా ఎవరో ఒకరికి నిజంగా అవసరం పడొచ్చు. ఏ లక్షణమూ లేని తక్కువ రిస్కు మనిషికి స్ట్రెస్ ఇమేజింగ్ (గుండెకి శ్రమ పెట్టి స్కాన్‌తో చూడటం) చేయడం ఆ మూడో గూట్లోనే పడింది, 2012లో అనవసర టెస్టులు తగ్గించాలని అక్కడే మొదలైన ఒక ప్రచారంలో కూడా ఆ కాలేజీ ఇచ్చిన జాబితాలో ముందు వరసలో ఇదే ఉంది. షుగర్ ఉన్నవాళ్లకైనా ముందుగా చేస్తే లాభమేమో అని 2009లో వచ్చిన ఒక స్టడీలో 1,123 మందిని చూశారు, లక్షణాలు లేని టైప్ 2 షుగర్ పేషెంట్లు, సగం మందికి న్యూక్లియర్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి గుండెకి రక్తం ఎలా అందుతోందో చూసేది) చేశారు, సగం మందికి చేయలేదు, ఐదేళ్ల దగ్గర చూస్తే గుండెపోట్లలో, గుండెజబ్బు మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇక మీ టీఎంటీ కాగితం. మైల్డ్‌లీ పాజిటివ్ అనే ముక్క చూసి భయపడకండి, లోపల మూడు విషయాలు చూడాలి. ఎన్ని నిమిషాలు నడిచారు, నడుస్తుంటే నెప్పి వచ్చిందా, ఎస్‌టీ సెగ్మెంట్, అంటే ఈసీజీ గీతలో ఒక భాగం, ఎన్ని మిల్లీమీటర్లు ఏ ఆకారంలో కిందకి దిగింది. గీత కిందకి దిగి అడ్డంగా సాగినా లేదా ఇంకా కిందకి వాలినా దానికి బరువు ఎక్కువ, దిగి వెంటనే పైకి ఎక్కుతున్నట్టుంటే దాన్ని మేము పెద్దగా లెక్కచేయం. టీఎంటీ ఫలితంతో రిస్కు అంచనా వేసే డ్యూక్ స్కోర్ అని ఒకటుంది, చేతివేళ్ల మీద వేసుకోవచ్చు: నడిచిన నిమిషాల్లోంచి, ఎస్‌టీ దిగిన మిల్లీమీటర్లని ఐదుతో గుణించి తీసేయాలి, నెప్పి వస్తే ఇంకో 4, నెప్పి వల్ల ఆపేయాల్సొస్తే 8 తీసేయాలి. మీరు బ్రూస్ ప్రోటోకాల్‌లో (మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచే పద్ధతి) పదిన్నర నిమిషాలు నడిచారని, నెప్పి లేదని రాశారు. ఎస్‌టీ ఒక మిల్లీమీటర్ దిగిందనుకుంటే పదిన్నరలోంచి 5 తీసేస్తే ఐదున్నర. 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే లో రిస్క్. ట్రెడ్‌మిల్ మీద మూడో స్టేజీ దాటి నాలుగో స్టేజీలోకి వెళ్లిన గుండె అది, ఆ ఒక్క సంగతికే నేను చాలా విలువ ఇస్తాను.

నాలుగేళ్ల కింద ఒక స్కూల్ టీచర్ వచ్చారు, 41 ఏళ్లు, ఏ బాధా లేదు, మేనేజ్‌మెంట్ వాళ్లు అందరికీ చెకప్‌లు చేయిస్తే టీఎంటీ పాజిటివ్ వచ్చింది. ఆడవాళ్లలో ఉత్తి పాజిటివ్‌లు ఇంకా ఎక్కువ. వేరే చోట నేరుగా యాంజియోగ్రామ్ (మణికట్టు రక్తనాళంలోంచి గుండె దాకా సన్నని గొట్టం పంపి, డై ఎక్కించి చూసేది) చేశారు, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, మణికట్టు దగ్గర నల్లగా కమిలిపోయి రెండు వారాలు చెయ్యి ఎత్తలేకపోయారట. నా దగ్గరికి వచ్చింది దానికి కాదు. రెండేళ్లు గడిచినా ఆవిడ మెట్లెక్కడం మానేశారు, బస్సు దిగితే ఆటో, ఇంట్లో పిల్లాడే నీళ్ల క్యాన్ ఎత్తాలి. యాంజియో నార్మల్ కదమ్మా అంటే, "కానీ టీఎంటీ పాజిటివ్ కదండీ" అంటారు. ఆ మాట ఆవిడ మనసులోంచి తీయడానికి నాకు నాలుగు విజిట్లు పట్టింది, చివరికి నేనే పక్కన నడుస్తూ మా హాస్పిటల్ మూడో ఫ్లోర్ దాకా మెట్లు ఎక్కించాను.

మరి సీటీ యాంజియో చెడ్డ టెస్టా అంటే అస్సలు కాదు. ఛాతీ నెప్పి ఉండి, అది గుండెదో కాదో సగం సగం అనుమానంగా ఉన్నవాళ్లకి అంత మంచి టెస్టు ఇంకోటి లేదనే చెప్తాను. స్కాట్లాండ్‌లో ఛాతీ నెప్పితో వచ్చిన 4,146 మంది మీద చేసిన స్టడీలో, సీటీ చేసిన గుంపులో ఐదేళ్లలో గుండెపోటు లేదా గుండెజబ్బు మరణం 2.3 శాతం, చేయని గుంపులో 3.9 శాతం, 2018లో వచ్చాయి ఆ ఫలితాలు. స్కాన్‌లో కొవ్వు పేరుకున్నది కనిపించడంతో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ లాంటి మందులు మొదలుపెట్టినవాళ్లు ఆ గుంపులో ఎక్కువ, లాభం చాలావరకు అందులోంచే వచ్చిందని నా నమ్మకం. కానీ వాళ్లందరూ నెప్పితో వచ్చినవాళ్లు, చెకప్ ప్యాకేజీతో వచ్చినవాళ్లు కాదు. పైగా ఈ స్కాన్‌కి గుండె వేగం 60 దగ్గరికి దించడానికి మెటోప్రొలాల్ ఇస్తారు, అయోడిన్ డై ఎక్కిస్తారు, ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ చూడాలి, కొత్త మెషీన్లలో రేడియేషన్ 2 నుంచి 5 మిల్లీసీవర్ట్‌లు దాకా ఉంటుంది, అంటే మామూలుగా ప్రకృతి నుంచి ఏడాదికో రెండేళ్లకో తగిలేంత. న్యూక్లియర్ స్కాన్‌లో అయితే 10 దగ్గర. అవసరమైనవాడికి ఇది లెక్కలోది కాదు, అవసరం లేనివాడికి ఎందుకు? ముసలివాళ్లలో కాల్షియం ఎక్కువుంటే బ్లాకు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది కూడా.

సరే, సీటీలో 50 శాతం బ్లాకు కనిపించింది అనుకుందాం, తర్వాతేంటి? ఇంట్లో అందరూ స్టెంట్ వేయించేయమంటారు. 2020లో వచ్చిన ఇస్కీమియా స్టడీలో 37 దేశాల నుంచి 5,179 మంది ఉన్నారు, మన దేశంవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకి మీకన్నా చాలా ఎక్కువ జబ్బుంది. సగం మందిని ముందే యాంజియోగ్రామ్‌కి, అవసరమైతే స్టెంట్‌కో బైపాస్‌కో తీసుకెళ్లారు, సగం మందికి మందులతోనే మొదలుపెట్టారు. మరణాల్లో, మొత్తం గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నెప్పి ఉన్నవాళ్లకి మాత్రం స్టెంట్ గుంపులో నెప్పి బాగా తగ్గింది, అది చిన్న విషయం కాదు. మీకు తగ్గించడానికి నెప్పే లేదు కదా. లెఫ్ట్ మెయిన్ అనే ముఖ్యమైన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లని ఆ స్టడీలో తీసుకోలేదు, వాళ్ల దారి వేరు.

ఆ వేరే దారి మనిషిని కూడా చెప్తాను, లేకపోతే నేను టెస్టులే వద్దంటున్నానని అనుకుంటారు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ, 52 ఏళ్లు. రెండు నెలలుగా గ్యాస్ బిళ్ళలు మింగుతున్నాడు, ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, రెండు రిపోర్టులూ బల్ల మీద పెట్టాడు. నెప్పి ఎక్కడ అంటే వేలితో చూపించలేదు, గుప్పిట బిగించి ఛాతీ మధ్యలో పెట్టుకున్నాడు. "నెప్పి కాదు సార్, బండ పెట్టినట్టు. ముందు పది టిక్కీలు మోసేవాణ్ని, తర్వాత ఐదుకి వచ్చింది, ఇప్పుడు రెండోది ఎత్తేసరికే కూర్చోవాల్సొస్తోంది, కూర్చుంటే రెండు నిమిషాల్లో పోద్ది" అన్నాడు. ఈ కథ విన్నాక టీఎంటీ ఎక్కించడం కూడా తప్పే, రోజురోజుకీ తక్కువ శ్రమకే వస్తోంది అంటే గుండె గడువు ఇవ్వట్లేదని. ఆ రోజే అడ్మిట్ చేసి యాంజియోగ్రామ్ చేస్తే లెఫ్ట్ మెయిన్‌లోనే బ్లాకు, వారంలో బైపాస్ అయింది. పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే తెలిసింది, ఎకో గదిలో తెలియలేదు. షుగర్ ఉన్నవాళ్లూ ఆడవాళ్లూ మాత్రం చాలాసార్లు నెప్పి అనే మాటే వాడరు, ఆయాసం, నీరసం, దవడ లాగడం, పైకడుపులో బరువు అంటారు, శ్రమకి వచ్చి ఆగితే పోతోందా అనేదే వాళ్ల దగ్గర కూడా అడగాలి.

ఎకో గురించి ఒక మాట, ఎందుకంటే రోజుకి పదిమందైనా నన్ను ఇదే అడుగుతారు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, జెల్లీ రాసి ప్రోబ్ పెట్టగానే "బ్లాకులున్నాయా డాక్టర్ గారూ?" అంటారు. ఎకోలో బ్లాకులు కనపడవండీ. గుండె గోడలు ఎలా కదులుతున్నాయో, కవాటాలు ఎలా తెరుచుకుంటున్నాయో, పంపింగ్ ఎంతుందో కనపడుతుంది. ఇంట్లోకి వచ్చే నీళ్ల పైపు లోపల తుప్పు పట్టిందో లేదో కుళాయి చూసి చెప్పలేం కదా, నీళ్లు ఆగిపోయాక మాత్రం తెలుస్తుంది, ఇదీ అంతే. మీకు రాసిన గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటే కొట్టుకున్నాక గుండె కండరం వదులయ్యేది కొంచెం నెమ్మదించింది అని, వయసుతో వస్తుంది, బీపీ ఉన్నవాళ్లకి కాస్త ముందే వస్తుంది. దానికి విడిగా మందు లేదు, బీపీ చూసుకోవడమే. ఎకో నిజంగా కావాల్సింది ఎవరికంటే స్టెతస్కోప్‌లో మర్మర్, అంటే గుండెలో అదనపు శబ్దం వినపడినవాళ్లకి, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చునేవాళ్లకి, కాళ్లు నీరు పట్టినవాళ్లకి, చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి కవాటం దెబ్బతిన్నవాళ్లకి, గుండెపోటు వచ్చినవాళ్లకి, గుండె మీద ప్రభావం చూపే క్యాన్సర్ మందులు వాడేవాళ్లకి, ఇంట్లో తోబుట్టువు ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లకి.

అమ్మగారికి మర్మర్ లేదు, ఆయాసం లేదు, ఇంటిపని అంతా చేసుకుంటారు అంటున్నారు కాబట్టి కాటరాక్ట్‌కి ఎకో అక్కర్లేదు. కంటికి మత్తు చుక్కలు వేసి పావుగంటలో చేసే ఆపరేషన్ అది. 2000లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో 19 వేలకి పైగా కాటరాక్ట్ ఆపరేషన్లు చూశారు, ముందు ఈసీజీ, రక్త పరీక్షలు అందరికీ చేసినా, చేయకపోయినా కాంప్లికేషన్లు ఒకటే. బీపీ, షుగర్ అదుపులో ఉన్నాయో చూసి పంపండి, కంటి డాక్టర్ గారు ఎకో కావాలంటే ఏ కారణానికో మర్యాదగా అడగండి, ఆయనకి ఏదైనా వినపడి ఉండొచ్చు.

నాన్నగారి విషయంలో, స్టెంట్ వేశాక బాగానే ఉన్నవాళ్లకి ఏటా టీఎంటీ అవసరం లేదు. కొరియాలో 1,706 మంది, అదీ ఎక్కువ రిస్కున్న స్టెంట్ పేషెంట్లలోనే, సగం మందికి స్టెంట్ వేసిన ఏడాదికి రొటీన్‌గా స్ట్రెస్ టెస్ట్ చేసి చూశారు, 2022లో ఫలితం వచ్చింది, రెండేళ్లకి మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆయన బిళ్ళలు మానకుండా వేసుకుంటున్నారా, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 కన్నా, వీలైతే 55 కన్నా కిందుందా, బీడీ మళ్లీ ముట్టుకున్నారా, నడిచే దూరం తగ్గిందా, విజిట్‌లో ఇవి చూడాలి. పాత నెప్పి మళ్లీ వచ్చినా, మునుపు నడిచే దూరం ఇప్పుడు నడవలేకపోతున్నా అప్పుడు టెస్టు, అప్పుడు ఆలస్యం చేయకూడదు.

నార్మల్ రిపోర్టు వల్ల కూడా నష్టం ఉంటుంది, ఇది నేను మర్చిపోలేను. తెల్లవారుజామున ఒకాయన్ని తీసుకొచ్చారు, యాభై దగ్గర. రాత్రి పదకొండింటికి నెప్పి మొదలైంది, వచ్చింది ఐదింటికి. భార్య చేతిలో పాలిథిన్ కవర్, అందులో ఫైల్, నేను ఈసీజీ చూస్తుంటే ఆవిడ ఆ కవర్ విప్పి, "పోయిన నెలే టీఎంటీ నార్మల్ వచ్చిందండీ, అందుకే గ్యాసేమో అని సోడా తాగించాం" అన్నారు. బతికారు, కానీ గుండె ముందు గోడ చచ్చిపోయింది, పంపింగ్ 35 శాతం దగ్గర ఆగిపోయింది. చాలా గుండెపోట్లు 30, 40 శాతం ఉన్న చిన్న బ్లాకు పగిలి దాని మీద రక్తం గడ్డకట్టడం వల్లే వస్తాయి, అలాంటి బ్లాకు ముందు రోజు టీఎంటీలో కూడా దొరకదు. అరచేతి అంత మేర ఛాతీలో బరువు, చెమటలు, పదిహేను నిమిషాలు దాటితే ఏ పాత రిపోర్టూ తీయకుండా 108కి ఫోన్ చేయండి, హాస్పిటల్‌లో పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, మొదటిది నార్మల్ వచ్చినా మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్త పరీక్ష చూడాలి.

చివరిగా మీ ఫైల్‌లో నాకు నిజంగా కంగారు పుట్టించిన కాగితం రక్త పరీక్షలది, దాని గురించి మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎల్‌డీఎల్ 148, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1, బీపీ 138/88, రోజుకి నాలుగు సిగరెట్లు. మనవాళ్లకి మిగతా దేశాలవాళ్లకన్నా ముందుగా గుండెపోట్లు వస్తాయి, 2004లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ స్టడీలో మన ప్రాంతంలో మొదటి గుండెపోటు వయసు 53 దగ్గర తేలింది, మిగతాచోట్ల సగటున 58, 59. సీటీలో ఏం వచ్చినా రాకపోయినా ఈ నాలుగింటికీ చేయాల్సింది ఒకటే. సిగరెట్ ఈ వారమే ఆపాలి, బీపీ ఇంట్లో వారం రోజులు పొద్దున్న సాయంత్రం చూసి రాసుకోవాలి, మూడు నెలలు తిండి, నడక మార్చి మళ్లీ లిపిడ్ చేయించి స్టాటిన్ మాట మీ డాక్టర్‌తో మాట్లాడాలి, పుట్టుకతో వచ్చే కొవ్వు రిస్కు చూపించే లైపోప్రోటీన్ ఏ అనే రక్త పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, అది చేయించండి. స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని ఇద్దరికీ తేలకపోతే అప్పుడు గుండె రక్తనాళాల్లో సున్నం ఎంత పేరుకుందో లెక్కేసే, డై లేని కాల్షియం స్కోర్ స్కాన్ ఒకటి ఉంది, రేడియేషన్ 1 మిల్లీసీవర్ట్ దగ్గర, అది ఆలోచించొచ్చు, 100 దాటితే మందు వేసుకోవాల్సిందే. కాకపోతే సిగరెట్ తాగేవాళ్లకి సున్నా వచ్చినా పూర్తి భరోసా కాదు.

టీఎంటీ ఫైల్‌లో చివరి పేజీ సమ్మరీ ఒక్కటే కాకుండా స్టేజీలవారీగా గీతలున్న పేజీలు ఉంటాయి, పేరు, నంబర్లు చెరిపేసి వాటి ఫోటోలు పెట్టండి. ఎస్‌టీ అడ్డంగా దిగి రెండు మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నా, నడక ఆపాక కూడా ఐదారు నిమిషాలు అలాగే ఉండిపోయినా, మధ్యలో బీపీ పడిపోయినా నా మాట మార్చుకుంటాను, అప్పుడు సీటీకి వెళ్లమనే చెప్తాను.